మూగజీవం తోడు: ఇంటికి మేలా, కీడా?

నెలన్నర కిందట గోల్నాక నుంచి ఒక ఇల్లాలు ఉత్తరం రాశారు. ముందు ఆ ఉత్తరం చదవండి. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇదే తగువు నడుస్తూ ఉండవచ్చు.

"డాక్టరు గారికి నమస్కారం. మా మామయ్యగారు ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయి ఏడాదైంది. అప్పటినుంచి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడరు. వేళకు తినరు. పగలంతా పడుకుంటారు, రాత్రంతా మేలుకుంటారు. ఈ మధ్య మా గల్లీలో ఒక కుక్కపిల్లకు పొద్దునా సాయంత్రం పాలు పోస్తున్నారు. దానితో మాట్లాడుతున్నారు కూడా! దాన్ని ఇంట్లో పెంచుకుందామని పట్టుబడుతున్నారు. మావారు వద్దంటే వద్దంటున్నారు. మావి రెండు గదులు. నాకు ఇప్పుడు నాలుగో నెల. కుక్క వెంట్రుకలు కడుపులోని బిడ్డకు చేటు చేస్తాయని పక్కింటి వాళ్ళు భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు? అసలు మనుషులుండగా జంతువులను సాదుకోవడం దేనికండీ? మరో మాట. పోయిన ఆదివారం ఆ కుక్కపిల్లతో ఆడుతుంటే మా ఆరేళ్ళ బాబు చేతిమీద దాని పళ్ళు గీరుకున్నాయి. కాస్త రక్తం వచ్చింది. పసుపు అద్దాను. ఇప్పుడు మానిపోయింది."

ఉత్తరంలో ప్రశ్నలు మూడు నాలుగున్నాయి. కాని ఆవిడ ప్రశ్నగా అడగని చివరి మాట దగ్గరే నా గుండె ఆగినంత పనైంది. ఉత్తరం కింద ఫోను నంబరు ఉంది కనుక సరిపోయింది. పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగవలసిన విషయం కాదు. వెంటనే ఫోను చేసి, "అమ్మా, ఆ కుక్కపిల్ల ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను. "రెండు రోజులుగా కనబడటం లేదండీ. మామయ్యగారు గల్లీలన్నీ వెతుకుతున్నారు" అన్నారు. "వెతకడం తర్వాత. ముందు బాబును తీసుకుని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్ళండి. ఈ రోజే, ఇప్పుడే" అని చెప్పాను.

"మానిపోయిన గీరుకు ఇంత హడావుడా?" అని మీకు అనిపించవచ్చు. ముందు ఆ సంగతి చెప్పుకుని, తర్వాత మామయ్యగారి కోరిక దగ్గరకు వద్దాం.

గాయం మానినా ప్రమాదం పోదు

రేబిస్ వ్యాధిని కలిగించే వైరస్ జబ్బుపడిన జంతువు చొంగలో ఉంటుంది. కాటు ద్వారా, గీరు ద్వారా, పుండు మీద నాకడం ద్వారా మన శరీరంలో ప్రవేశిస్తుంది. అక్కడినుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణం చేస్తుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం రోజులే కావచ్చు, ఏడాది దాటనూ వచ్చు. ఈలోగా పైన చర్మం శుభ్రంగా మానిపోతుంది. మనిషి హాయిగా తిరుగుతుంటాడు. జబ్బు లక్షణాలు బయటపడిన తర్వాత మాత్రం ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కనుక పుండు మానిందా లేదా అన్నది కాదు లెక్క. టీకా పడిందా లేదా అన్నదే లెక్క.

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పెద్ద భాగం మన దేశానిదే. చనిపోయేవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు. కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లలు కుక్కలతో ఆడతారు, గీరుకుంటే తిడతారన్న భయంతో ఇంట్లో చెప్పరు. "చిన్నపిల్లకు పిచ్చి ఉంటుందా?" అని పెద్దలు కొట్టిపారేస్తారు. కుక్కపిల్లకూ రేబిస్ వస్తుంది, దాని వల్లా సోకుతుంది.

కుక్క గాని, పిల్లి గాని కరిచినా, గీరినా చేయవలసినవి ఇవి:

ఒకటి. వెంటనే గాయాన్ని సబ్బుతో, పంపు కింద ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలపాటు కడగండి. గడియారం చూసి కడగండి. ఇంత చిన్న పని ఎంతో వైరస్‌ను వదలగొడుతుంది. ఆ తర్వాత అయొడిన్ మందు రాయవచ్చు.

రెండు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పెట్టకండి. బిగించి కట్టు కట్టకండి. మంత్రం వేయించామని ఊరుకోకండి.

మూడు. అదే రోజు టీకా మొదలుపెట్టించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు. కండలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఒకటి ఉంటుంది. ఏ కాస్త రక్తమైనా వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలయ్యేలోపు కాపు కాసేది ఈ మందే. "టీకా ఒక్కటే వేశారు, ఇది కూడా కావాలా?" అని మీరే డాక్టరుని అడగండి.

నాలుగు. ఆలస్యమైందని మానేయకండి. వారమైనా, నెలలైనా సరే, లక్షణాలు రానంతవరకు టీకా వేయించుకోవలసిందే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు కూడా ఈ టీకా ఇవ్వవచ్చు.

పెద్దవాళ్ళకు బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు సూదులు గుర్తుండే ఉంటాయి. ఆ భయంతోనే ఎందరో ఆసుపత్రి గడప తొక్కేవారు కాదు. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పటి టీకా జబ్బకే. నొప్పి కూడా చీమ కుట్టినంతే.

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్ళు కోరంటి ఆసుపత్రి అంటారు. గోల్నాక వాళ్ళకు అది కూతవేటు దూరం. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కూడా ఈ టీకా వేస్తారు. ఇంత దగ్గరలో ఇంత గొప్ప రక్షణ ఉంచుకుని పసుపు డబ్బా వెతుక్కోవడం న్యాయమా చెప్పండి!

ఆ బాబుకు ఆ రోజే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించి, టీకా మొదలుపెట్టారు. మామయ్యగారు కూడా ఆ కుక్కపిల్లను ఎత్తుకుని తిప్పినవారే. చేతిమీద గోరు గీతలున్నాయని తేలితే ఆయనకూ మొదలుపెట్టారు. ఇద్దరికీ నాలుగు విడతలూ పూర్తయ్యాయి. కుక్కపిల్ల జాడ ఇంతవరకు తెలియలేదు. అది కళ్ళముందే ఉంటే పదిరోజులు గమనించేవాళ్ళం. పదిరోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, గీరిన నాడు దాని చొంగలో వైరస్ లేదని తేలేది. టీకా మాత్రం ఆ పదిరోజులు ఆగకుండా ముందే మొదలుపెట్టాలి.

అసలు సాదుకోవడం దేనికి?

ఇప్పుడు ఆ ఇల్లాలి అసలు ప్రశ్నకు వద్దాం. మనుషులుండగా జంతువులు దేనికి?

నేను తార్నాకలో ఉంటాను. పొద్దున్నే విశ్వవిద్యాలయం ఆవరణలో నడుస్తాను. ఆర్ట్స్ కళాశాల ముందు మెట్ల దగ్గర, హాస్టళ్ళ దారిలో, చెట్ల కింద నాకు రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. ఎక్కడో పల్లె నుంచి వచ్చి, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడు తన టీతోపాటు కొన్న బిస్కెట్లలో రెండు కుక్కకు వేస్తాడు. అతని జేబులో డబ్బులు దండిగా ఉండి కాదు. ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడగని ప్రాణి ఆ ఆవరణలో అదొక్కటే! 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్ళు మూతపడినప్పుడు, ఊళ్ళకు వెళ్ళిన పిల్లలు ఇక్కడున్న స్నేహితులకు ఫోను చేసి "మన కుక్కకు అన్నం పెట్టావా?" అని అడగడం నేను విన్నాను.

ఇది ఈనాటి పిచ్చి కాదు. కుక్క మనిషి వెంట నడవడం మొదలుపెట్టి పదిహేను వేల ఏళ్ళయినా అయి ఉంటుందని తవ్వకాల వల్ల తెలుస్తోంది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చి ఉంచారు. మన భారతంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడాయన. మన పాతబస్తీ మేడల మీద పావురాలు, పల్లె ఇళ్ళలో పిల్లి, ఆవుదూడ ఇవన్నీ ఇంటి మనుషుల లెక్కలోనివే.

ఈ అనుబంధానికి శరీరంలో ఆధారం ఉందా? ఉంది. కుక్క, దాన్ని పెంచుకునే మనిషి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాను శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఊరే హార్మోను అదే. 1962లో అమెరికాలో బోరిస్ లెవిన్‌సన్ అనే పిల్లల మానసిక నిపుణుడు ఒక విచిత్రం రాశాడు. ఎవరితోనూ కలవని పిల్లవాడు గదిలో కుక్క ఉంటే దానితో ఆడుతూ, దాని ద్వారా డాక్టరుతో మాట కలిపాడట.

గుండె సంగతి కూడా చూడండి. గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్ళిన 92 మందిని అమెరికాలో ఏడాదిపాటు గమనించి 1980లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో పెంపుడు జంతువున్న 53 మందిలో ముగ్గురు మరణించారు. లేని 39 మందిలో పదకొండుగురు మరణించారు. ఇది చదివి రేపే బజారుకు పరుగెత్తకండి. అది చిన్న లెక్క. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే జంతువును పెంచుకోగలరు కదా! అమెరికా హృద్రోగ సంఘం 2013లో ఈ పరిశోధనలన్నీ చూసి, కుక్కను పెంచుకునేవారిలో గుండె జబ్బు ముప్పు తక్కువ ఉండవచ్చునని, అయితే గుండె కోసమే జంతువును తెచ్చుకోవద్దని చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది. కుక్క మాత్ర కాదు. అది ఒక ప్రాణి.

అయితే మామయ్యగారికి ఏం జరిగింది? భార్య పోయింది. పొద్దున్నే కాఫీ అడిగేవారు లేరు, పేపరు చదివి వినిపించమనే వారు లేరు. కొడుకు, కోడలు బాగా చూసుకుంటున్నారు. అదే చిక్కు. ఆయనను అందరూ చూసుకుంటున్నారు, ఆయన చూసుకోవలసిన వారు ఎవరూ లేరు. ఆ కుక్కపిల్ల పొద్దున ఆరింటికి గుమ్మం దగ్గర ఎదురు చూసింది. ఆరింటికి లేవడానికి ఆయనకు ఒక కారణం దొరికింది. మనిషికి అన్నం ఎంత అవసరమో, తన అవసరం ఒకరికి ఉండటం కూడా అంతే అవసరం.

అందుకని ఆ అబ్బాయికి నా మాట ఒకటి. "నాన్నకు చాదస్తం" అని కొట్టిపారేయకండి. కాని ఒక హెచ్చరిక కూడా ఉంది. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, మాట తగ్గడం నెలల తరబడి ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు. కుక్కపిల్లతో సరిపెట్టక ఆయనను డాక్టరుకు చూపించండి. చూపించమని ఫోనులో చెప్పాను. ఆయన చికిత్స తీసుకుంటున్నారు.

భయాలు: ఏవి నిజం, ఏవి కావు

కుక్క వెంట్రుకల వల్ల కడుపులోని బిడ్డకు చేటు జరగదు. గర్భిణులు జాగ్రత్త పడవలసింది పిల్లి మలం విషయంలో. అందులో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అందుకని పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు. దాని మలం తీసే పని ఇంట్లో మరొకరు ఏ రోజుకారోజు చేయాలి. ఈ సూక్ష్మజీవి సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా వస్తుంది. ఆ సంగతి మాత్రం పక్కింటివాళ్ళు చెప్పరు!

ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవారికి జంతువుల చర్మపు పొట్టు పడకపోవచ్చు. తెచ్చుకునే ముందు, అవి ఉన్న బంధువుల ఇంట్లో నాలుగైదు సార్లు గడిపి చూడండి. పావురాల రెట్ట, ఈకల ధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పావురాలు పెంచేవారు ఎడతెగని దగ్గును తేలిగ్గా తీసుకోకూడదు. చిలకను పంజరంలో పెట్టుకోవాలన్న ముచ్చట మానుకోండి. మన దేశపు చిలకను పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కుక్కపిల్లల పొట్టలో పురుగులుంటాయి. వాటి గుడ్లు మట్టిద్వారా పిల్లల నోట్లోకి చేరుతాయి. కుక్కకు పురుగుల మందు, మీ పిల్లలకు సబ్బుతో చేతులు కడిగే అలవాటు రెండూ కావాలి. వృద్ధులు కుక్క గొలుసు తగిలి పడి తుంటి విరగ్గొట్టుకోవడం కూడా చూస్తుంటాం. పెద్దవారికి చిన్న కుక్క, నెమ్మదైన కుక్క మంచిది.

తెచ్చుకునే ముందు

రాత్రి భోజనాల తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి. రోజూ రెండుసార్లు ఎవరు తిప్పుతారు? ఊరెళితే ఎవరు చూస్తారు? తిండికి, టీకాలకు, పశువైద్యుడికి నెలనెలా డబ్బు తీయగలమా? కుక్క పన్నెండు పదమూడేళ్ళు బతుకుతుంది. తాతగారికి ఓపిక తగ్గిన తర్వాత దాని బాధ్యత ఎవరిది? ఈ చివరి ప్రశ్నకు కొడుకో, కోడలో "నాది" అనలేకపోతే, తేవద్దు. ముద్దు తీరాక వీధిలో వదిలిన కుక్క ఆకలితో, భయంతో తిరుగుతుంది. అలా వదిలినవే గుంపులవుతాయి. 2023 ఫిబ్రవరిలో మన అంబర్‌పేటలోనే నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. కుక్కను ప్రేమించేవారు, కుక్కంటే భయపడేవారు ఇద్దరూ కోరవలసింది ఒకటే. ప్రతి కుక్కకూ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, చెత్తకుప్పలు లేని వీధి.

తేవాలనే నిశ్చయిస్తే, లోపలి గదుల్లో కూలర్లు పెట్టి బతికించవలసిన విదేశీ బొచ్చుకుక్క వద్దు. మన వీధికుక్క పిల్లే మన ఎండలకు ఓర్చుకుంటుంది. తెచ్చిన రోజే పశువైద్యుడికి చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. మూడో నెలలో రేబిస్ టీకా, ఆయన చెప్పినప్పుడు బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. నగరపాలక సంస్థలో నమోదు చేయించండి. వట్టి పెరుగన్నంతో సరిపెట్టకండి, గుడ్డో మాంసమో కావాలి. ఉల్లిపాయ వేసిన కూరలు, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

పిల్లలకు నాలుగు మాటలు నేర్పండి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లిని ముట్టుకోరాదు. తెలియని కుక్క మీదికొస్తే పరుగెత్తరాదు, కదలకుండా నిలబడాలి. కింద పడిపోతే ముడుచుకుని, చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. గీరినా, కరిచినా ఇంట్లో చెప్పాలి. చెప్పిన బిడ్డను కొట్టకండి, తిట్టకండి. తిట్లకు భయపడి దాచిన గీరే ప్రాణం తీస్తుంది.

కిందటి వారం గోల్నాక నుంచి రెండో ఉత్తరం వచ్చింది. బిడ్డ పుట్టి ఆరు నెలలయ్యేవరకు ఆగి, ఆ తర్వాత కుక్కపిల్లను తెచ్చుకుందామని ఇంట్లో ఒప్పందం కుదిరిందట. ఈలోగా మామయ్యగారు మనవడిని వెంటబెట్టుకుని రోజూ సాయంత్రం నడకకు వెళుతున్నారట. కొడుకు మెత్తబడ్డాడట. ఆ ఇల్లాలు చివర ఇలా రాశారు. "పసుపు డబ్బా వంటింట్లోకి వెళ్ళిపోయిందండీ. పంపు దగ్గర కొత్త సబ్బు పెట్టాను."

మీ ఇంట్లో కూడా పెట్టండి. ఈ వ్యాసం చదువుతుండగా, "మొన్న మా వాడిని పిల్లి గీరింది కదూ!" అని ఎవరికైనా గుర్తొస్తే పత్రిక పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి బయలుదేరండి. మిగతా సందేహాలు తీరిగ్గా ఉత్తరం రాయండి.